అత్తయ్యగారు చూడకుండా రాత్రిపూట పారేస్తున్నాను

మియాపూర్ వైపు నుంచి ఒక పాఠకురాలు రాశారు. పేరు వద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది, అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకి 34 ఏళ్లు. భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు, ఆరేళ్ల బాబు. అత్తవారిది కోనసీమ, రావులపాలెం దగ్గర ఒక పల్లె. మోకాళ్ల నొప్పులకి వైద్యం కోసం అత్తగారు ఎనిమిది నెలల నుంచి వీళ్ల దగ్గరే ఉంటున్నారు. మావగారు ఊళ్లో ఒక్కరే ఉంటూ పదిహేను రోజులకోసారి రాత్రి బస్సుకి ఒక గోనెసంచి వేస్తారు. అందులో అరటి గెల, గోంగూర, తోటకూర, కరివేపాకు, మునగకాయలు, నిమ్మకాయలు, ఇంకా దొడ్లో ఏది కాస్తే అది. ఇది కాక ఆమె భర్త ప్రతి ఆదివారం సాయంత్రం రైతుబజారుకి వెళ్తారు. మూసే వేళకి ధరలు దిగుతాయి కాబట్టి రెండు సంచులు నింపుకొస్తారు. ఆమె అన్నిటినీ ఉప్పునీళ్లలో కడిగి, ప్లాస్టిక్ కవర్లలో కట్టి, ఫ్రిజ్ కింద డ్రాయర్‌లో సర్దుతారు. కరోనా రోజుల్లో మొదలైన అలవాటు, మానలేదు. గురువారం వచ్చేసరికి కొత్తిమీర జిగురు పడుతుంది, బెండకాయలకి నల్లమచ్చలు వస్తాయి, కీరదోస పైన చెమ్మగా లోపల మెత్తగా అయిపోతుంది. అరటిపళ్లు ఒకేసారి పండి రెండు రోజుల్లో నల్లబడతాయి.

"ఒకరోజు అత్తయ్యగారు చెత్తబుట్ట చూసి 'మీ మావయ్య ఎండలో నిలబడి కోసి పంపింది ఇందుకా' అన్నారు. గట్టిగా కూడా అనలేదు. అప్పటి నుంచి పాడైనవన్నీ నల్ల కవర్లో కట్టి, అందరూ పడుకున్నాక పక్క బ్లాక్ చెత్తడబ్బాలో వేసి వస్తున్నాను. మొన్న రాత్రి లిఫ్ట్ దగ్గర అత్తయ్యగారే ఎదురయ్యారు, నిద్రపట్టక వరండాలో నడుస్తున్నారట. నా చేతిలో కవర్ చూశారు, ఏమీ అడగలేదు. నాలుగు రోజులైంది, ఆవిడ ముఖం చూడలేకపోతున్నాను. మా ఆయన పెద్ద ఫ్రిజ్ కొందామంటున్నారు. నాకైతే మావయ్యగారికి ఫోన్ చేసి ఇంక పంపొద్దని చెప్పేయాలనుంది, కానీ ఆయన ఏమనుకుంటారో అని టెన్షన్. ఇల్లు చూసుకోవడం చేతకానిదాన్నా నేను?"

అమ్మా, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను. కాదు. మీ ఉత్తరంలో చేతకానితనం నాకు ఎక్కడా కనిపించలేదు. తొమ్మిది గంటల ఉద్యోగం చేసి వచ్చి రెండు సంచుల కూరగాయలు ఒక్కొక్కటీ కడిగి సర్దే మనిషిని ఎవరూ ఆ మాట అనకూడదు, మిమ్మల్ని మీరు కూడా అనుకోకూడదు. అసలు మీ కూరలు పాడవుతున్నది మీరు పట్టించుకోక కాదు. వాటికి పడని పద్ధతిలో, చాలా శ్రద్ధగా, రోజూ చేస్తున్నారు కాబట్టి. ఇది చెబితే మీకు ఊరట కలుగుతుందో ఇంకా బాధ కలుగుతుందో తెలియదు గానీ, పద్ధతి మార్చుకోవడం తేలిక.

నేను కూడా చాలా ఏళ్లు కడిగే దాచేదాన్ని, అందుకే మొదట ఆ సంగతే చెబుతాను. కోసిన తర్వాత కూడా కూరగాయ బతికే ఉంటుంది, గాలి పీల్చుకుంటుంది, చెమ్మ వదులుతుంది. ఆకుకూరకి చుట్టూ ఉన్న గాలి తేమగా ఉండాలి, లేకపోతే వాడిపోతుంది. కానీ ఆకు మీద నీటిబొట్టు నిలబడితే ఆ చోటే కుళ్లు మొదలవుతుంది. మీరు కడిగి, తడి ఆరకముందే కవర్లో పెట్టి ముడి వేస్తున్నారు. అది వదిలిన చెమ్మ కూడా బయటికి పోలేక కవర్ లోపలే బొట్లు కడుతుంది. కొత్తిమీర జిగురు పట్టడానికి ఇంకేం కావాలి? కడగడం మానమని కాదు, మందులు కొట్టిన కూరగాయలు కడిగి తినాల్సిందే, కానీ తరగబోయే ముందు కడగండి. మందు పోవాల్సినంతా అప్పుడూ పోతుంది. రాగానే కడగకపోతే మనసు ఒప్పుకోదంటే, కడిగాక పాత పంచె పరిచి ఫ్యాన్ కింద రెండు గంటలు ఆరనిచ్చి, చేత్తో తడిమితే పొడిగా ఉన్నాకే లోపల పెట్టండి. బెండకాయని, ద్రాక్షని, పుట్టగొడుగుల్ని మాత్రం ముందే అస్సలు కడగొద్దు.

కొత్తిమీర, పుదీనా, పాలకూర లాంటివాటిలో పసుపుపచ్చ ఆకులు, నలిగినవి ముందే ఏరేయండి. ఒక్క కుళ్లిన ఆకు చాలు మిగతావాటికి అంటించడానికి. పొడి నూలుగుడ్డలో వదులుగా చుట్టి, మూత ఉన్న డబ్బాలో పెట్టండి, గుడ్డ చెమ్మగిల్లితే రెండు రోజులకోసారి మార్చండి. మా అమ్మ వార్తాపత్రికలో చుట్టేది, చాలా ఇళ్లల్లో ఇప్పటికీ అదే పద్ధతి. కానీ పత్రిక సిరా తిండికి అంటడం మంచిది కాదని దేశ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది, కాబట్టి తెల్లకాగితం గానీ గుడ్డ గానీ వాడండి. కరివేపాకు రెమ్మలతో కాకుండా దూసి, ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెడితే రెండు వారాలైనా పచ్చగా ఉంటుంది. పచ్చిమిర్చికి తొడిమలు తీసేయండి, కుళ్లు చాలాసార్లు అక్కడి నుంచే మొదలవుతుంది. క్యారెట్, ముల్లంగికి ఆకులు కోసేసి దాచండి, లేకపోతే ఆ ఆకులే దుంపలోని నీళ్లు లాగేస్తాయి.

ఇక రెండో సంగతి. మీరు ఉత్తరంలో ఒక వాక్యం అలవోకగా రాసేశారు, "యాపిల్స్, టమాటాలు, ఆకుకూరలు అన్నీ కింద డ్రాయర్‌లోనే" అని. అసలు ముడి అక్కడుంది. పండే పండ్లు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి. యాపిల్, అరటి, మామిడి, జామ, సపోటా, బొప్పాయి, పండిన టమాటా, ఇవన్నీ అంతే. అది తగిలితే పక్కనున్న ఆకుకూరలు త్వరగా పసుపుపడతాయి, కీరదోస మెత్తబడుతుంది, క్యారెట్ చేదెక్కుతుంది. ఊళ్లల్లో పచ్చి అరటికాయల్ని బియ్యం డబ్బాలో పెట్టి మగ్గబెడతారు చూడండి, అదీ ఈ వాయువు బయటికి పోకుండా ఉండటానికే. మీ అత్తయ్యగారికి ఇథిలీన్ పేరు తెలియకపోవచ్చు గానీ అది చేసే పని మనందరికంటే బాగా తెలుసు. మీ డ్రాయర్‌లో యాపిల్స్ రోజూ కొత్తిమీరని మగ్గబెడుతున్నాయి. యాపిల్స్ ఫ్రిజ్‌లో ఉండొచ్చు, కానీ వేరే అరలో, మూత ఉన్న డబ్బాలో.

ఫ్రిజ్ అంటే అన్నిటికీ ఆసుపత్రి అనుకుంటాం మనం. మనం తినే కూరల్లో సగం వేడి దేశాల పంటలు, వాటికి చలి పడదు. అరటిపండుకి 13 డిగ్రీల కంటే చల్లగా ఉంటే తొక్క నల్లబడుతుంది. వంకాయ, కీరదోస 10 డిగ్రీల లోపు కొన్ని రోజులుంటే గుంటలు పడి మెత్తబడతాయి, బెండకాయ మచ్చలు కూడా చాలావరకు ఆ చలి దెబ్బే. ఫ్రిజ్ లోపల ఉండేది నాలుగైదు డిగ్రీలు. పచ్చి టమాటా అక్కడ పండదు, పండిన టమాటా వాసన తగ్గిపోతుంది, పచ్చి మామిడికాయ సరిగ్గా మగ్గదు. ఆలుగడ్డ పెడితే పిండి చక్కెరగా మారి, వేపుడు చేసినప్పుడు తియ్యగా నల్లగా వస్తుంది. ఆలు, ఉల్లి బయటే ఉండాలి, చీకట్లో, గాలి ఆడే బుట్టల్లో, రెండూ వేర్వేరుగా. మీరు సింక్ కింద అల్మారాలో రెండూ కలిపి పెడుతున్నారు. అది చెమ్మ చోటు, అందుకే ఉల్లిపాయలు మొలకలు వేస్తున్నాయి. వెలుతురు తగిలి ఆలుగడ్డ పచ్చబడితే అది మాత్రం కూరలో వేయకండి, పిల్లవాడున్న ఇల్లు.

"మరి హైదరాబాద్ ఎండల్లో బయట ఎలా పెట్టను" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఏప్రిల్, మే నెలల్లో వంటింట్లో 35 దాటుతుంది, అప్పుడు వంకాయని బయట పెట్టడం కంటే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు ఉంచి వండేయడమే మేలు. ఇంకో దారి కూడా ఉంది. ఒక పెద్ద మట్టికుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, రోజుకి రెండుసార్లు ఆ ఇసుక తడిపి, పైన తడిగుడ్డ కప్పితే లోపల బయటికంటే చాలా చల్లగా ఉంటుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇదే సూత్రం మీద ఇటుకలు, ఇసుకతో కరెంటు అక్కర్లేని చల్లగది తయారు చేసింది. ఇది పొడి గాలిలోనే పనిచేస్తుంది, అంటే హైదరాబాద్ వేసవిలో బాల్కనీ నీడలో బాగా కుదురుతుంది, మీ అత్తవారి ఊళ్లో ఉక్కపోతకి అంతగా కుదరదు. టమాటా, వంకాయ, కీర లాంటివాటికి ఇది ఫ్రిజ్ కంటే బాగుంటుంది. రోజూ తడపాలి, అదొక పని. ఆ పని ఎవరు చేస్తారో తేల్చుకోకుండా కుండలు కొనొద్దు.

మీ ఆయన అంటున్న పెద్ద ఫ్రిజ్ సంగతి. నేను వద్దనను, కొనండి అనీ అనను. మీ ఫ్రిజ్ పన్నెండేళ్లదని రాశారు. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూయండి, లాగితే సులువుగా వచ్చేస్తే రబ్బరు వదులైందన్నమాట, ముందు అది మార్పించండి. వంటింటి థర్మామీటర్ ఒకటి గ్లాసు నీళ్లలో వేసి రాత్రంతా లోపల ఉంచి పొద్దున చూడండి, 8, 10 చూపిస్తే ఫ్రిజ్‌దే తప్పు, అప్పుడు మార్చడంలో అర్థం ఉంది. నాలుగైదు చూపిస్తే మాత్రం పెద్దది కొన్నా మీ ఆదివారం సంచులు ఇంకో రెండు పెరుగుతాయి, వెనక అరలో పడినవి కంటికి కనపడక అక్కడే కుళ్లుతాయి. పాడయ్యేవి తగ్గవు, పాడయ్యే చోటు పెరుగుతుంది. పైన చెప్పిన మార్పులు ఒక రెండు నెలలు చేసి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. ఆ డబ్బు ఎక్కడికీ పోదు.

ఇప్పుడు మీ ఆయన బజారు. రైతుబజార్లు 1999లో పెట్టినప్పటి నుంచి ఉన్న పద్ధతే, రైతులు తెల్లారేసరికి సరుకు తెస్తారు. ఆదివారం సాయంత్రం మూసే వేళకి మిగిలిన ఆకుకూర అంటే పొద్దున్నుంచి ఎండలో ఉండి, నాలుగుసార్లు నీళ్లు చల్లించుకున్నది. దాని ఆయుష్షులో పెద్ద వాటా బజార్లోనే అయిపోయింది. తక్కువ ధరకి తెచ్చిన దానిలో సగం పారేస్తే ధర రెట్టింపయినట్టే కదా, ఈ లెక్క ఆయనకి ఒక్కసారి కాగితం మీద వేసి చూపించండి, దెబ్బలాటగా కాదు, ఇద్దరూ కూర్చుని. ఆయన చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి, ఆదివారం పొద్దున్నే వెళ్లడం. నిద్ర పోతుంది, ధర కొంచెం ఎక్కువ, కానీ సరుకు వారం ఆగుతుంది. రెండోది, సాయంత్రమే వెళ్లి, సాయంత్రం కొంటే నష్టం లేనివి మాత్రమే తేవడం, అంటే దుంపలు, ఉల్లి, క్యాబేజీ, సొరకాయ, పచ్చడి దోసకాయ, గుమ్మడి. ఆకుకూరలు మాత్రం వారం మధ్యలో ఇంటి దగ్గర బండి మీద రెండు కట్టలు తీసుకోవచ్చు. బండి దగ్గర కట్టకి ఐదు రూపాయలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. రెండిట్లో ఏదైనా సరే, బయలుదేరే ముందు ఫ్రిజ్ తలుపు తీసి ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోమనండి. ఇంట్లో అరకిలో బెండకాయలుండగా ఇంకో కిలో రావడం ఈ ఒక్క ఫోటోతో ఆగుతుంది.

వండే వరుస కూడా చూసుకోండి. ఆది, సోమవారాలు గోంగూర, పాలకూర, బెండకాయ, బీరకాయ. దొండకాయ కూడా ఆగదు, నాలుగు రోజులుంటే లోపల ఎర్రగా పండిపోతుంది. ఆ తర్వాత వంకాయ, చిక్కుడు, కాకర, బీన్స్. చివరికి క్యాబేజీ, క్యారెట్, సొర, ఆలు, కంద. మీరు రాసిన దాన్నిబట్టి సోమవారం తేలిగ్గా అయిపోతుందని ఆలు వేపుడు చేస్తున్నారు, గోంగూర వలవడానికి తీరిక దొరికే సరికి బుధవారం అవుతోంది. పనిదినాల్లో ఎవరైనా అంతే చేస్తారు. అందుకే ఆదివారం ఒక గంట, వలిచే పనుల వరకు అయిపోతే మిగతా వారం మీకు సులువవుతుంది. వాడిపోయిన ఆకుకూర, ముడుచుకున్న క్యారెట్ కనిపిస్తే వెంటనే పారేయకండి, అరగంట చల్లటి నీళ్లలో వేస్తే తేరుకుంటాయి, వాడిపోవడం వేరు కుళ్లిపోవడం వేరు. బూజు పడితే మాత్రం, క్యారెట్, క్యాబేజీ లాంటి గట్టివైతే చుట్టూ అంగుళం మేర బాగా కోసేసి మిగతాది వాడొచ్చు, టమాటా, పండ్లు లాంటి మెత్తనివైతే మొత్తం తీసేయాలి. అక్కడ పొదుపు పనికిరాదు.

ఇక మావయ్యగారి గోనెసంచి. ఉత్తరమంతా దాని చుట్టూనే తిరిగింది, మీరు కూరల గురించి రాస్తున్నాననుకుని దాని గురించే రాశారు.

పంపొద్దని చెప్పడం ఒక దారి. చెబితే ఏమవుతుంది? సంచి ఆగుతుంది, మీకు కొన్నాళ్లు తెరిపిగా ఉంటుంది. కానీ ఆయన అక్కడ ఒంటరిగా ఉన్నారు, భార్య ఇక్కడ. పదిహేను రోజులకోసారి దొడ్లో తిరిగి, ఏది మనవడికి ఇష్టమో ఏరి, బస్టాండు దాకా మోసుకెళ్లి వేయడమే ఆయన మీ ఇంట్లో ఉండటం. అది ఆపేస్తే ఆయన పైకి ఏమీ అనకపోవచ్చు. మీ అత్తయ్యగారికి మాత్రం ఆ సంచి రాని రోజు తెలుస్తుంది. ఏమీ చెప్పకుండా ఇలాగే సాగనివ్వడం ఇంకో దారి, అప్పుడు మీ రాత్రి నడకలు సాగుతాయి, అది మీ ఆరోగ్యానికే మంచిది కాదు.

మధ్యలో ఒక దారి ఉంది, నాకు నచ్చింది అదే. సంచి రావాలి, సంచిలో ఉండేవి మారాలి. గోనెసంచిలో గోంగూర, తోటకూర కుక్కితే, బతికున్న ఆకులు కాబట్టి రాత్రంతా ఊపిరి పీల్చి వేడెక్కుతాయి, మీ చేతికి వచ్చేసరికే సగం ఉడికినట్టుంటాయి. పైగా పక్కనే అరటి గెల. మీరు ఎంత జాగ్రత్తగా దాచినా అవి ఆగవు. కోనసీమలో కందకి, పెండలానికి, చేమకి కొరతా? కంద గాలి తగిలేచోట నెలల తరబడి ఉంటుంది. గుమ్మడికాయ అంతే. పీచుతో ఉన్న కొబ్బరికాయలు, నిమ్మకాయలు, కూర అరటికాయలు, పచ్చడి దోసకాయలు ఇవన్నీ ప్రయాణానికి తట్టుకుంటాయి. "మావయ్యగారూ, మీరు పంపే ఆకుకూరలు ఇక్కడికొచ్చేసరికి వడిలిపోతున్నాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది, కంద పంపరూ, ఇక్కడ మంచిది దొరకడం లేదు" అని అడగండి. ఇది నిజమే కదా, అబద్ధం ఒక్కటీ లేదు. పంపొద్దనడం కాదు కాబట్టి ఆయనకి చేతినిండా పని కూడా ఉంటుంది. గోంగూర ఆయన పంపాలనే అనుకుంటే ఊళ్లో ఎవరి చేతనైనా నూనెలో వేయించి, ఉప్పు వేసి డబ్బాలో పెట్టించమనండి, అలా వస్తే ఫ్రిజ్‌లో పది రోజులు ఆగుతుంది.

అరటి గెల గురించి విడిగా చెప్పాలి. మొత్తం గెల ఒకేసారి పంపితే మీ ముగ్గురు పెద్దవాళ్లూ ఒక పిల్లవాడూ తినలేరు. గెలలో పై అత్తం, అంటే పై వరస కాయల గుత్తి, ముందు పండుతుంది, అది పండటం మొదలుపెడితే కిందివాటిని కూడా తొందరపెడుతుంది. గట్టిగా పచ్చిగా ఉన్నప్పుడే కోసి సగం గెల పంపమనండి. రాగానే అత్తాలు విడదీసి, ఒకటి బియ్యం డబ్బాలో పెట్టి మగ్గనిచ్చి, మిగతావి దూరదూరంగా గాలి తగిలేలా వేలాడదీయండి. ఒకటి తినేసరికి ఇంకోటి సిద్ధమవుతుంది. ఇంకా మిగిలితే వాచ్‌మన్ పిల్లలకి, పక్కింటివాళ్లకి పచ్చిగా ఉన్నప్పుడే పంచేయండి, నల్లబడ్డాక ఇస్తే తీసుకునేవాళ్లకీ బాగుండదు. సంచి బస్సు దిగిన రోజు ఆఫీసుకి వెళ్లే హడావిడిలో మూలన పెట్టేయకుండా, అయిదు నిమిషాలు కేటాయించి మూతి విప్పి నేల మీద పరిచి ఫ్యాన్ వేసి వెళ్లండి. మిగతాది సాయంత్రం చూసుకోవచ్చు.

మీ అత్తయ్యగారి విషయం చివరికి ఉంచాను, ఎందుకంటే అది అన్నిటికంటే సున్నితం. ఆవిడ చూసిన ఇంట్లో కూడా కూరలు పాడయ్యాయి, పాడవకుండా ఉండవు. కాకపోతే ముదిరిన బెండకాయ గేదెకి వెళ్లేది, తొక్కలు పెంటకుప్పలోకి వెళ్లి మళ్లీ పాదుకి ఎరువయ్యేవి. అక్కడ ఏదీ చెత్తలా కనపడలేదు. ఇక్కడ నల్ల కవర్లో, ముడి వేసి, రాత్రి పదకొండింటికి పోతోంది. అందుకే ఆవిడకి మనసు చివుక్కుమంది, మీ మీద తప్పు పట్టడానికే ఆ మాట అన్నారని నేను అనుకోవడం లేదు. మీరు దాచారు కాబట్టి ఆ మాట ఇంకా పెద్దదైపోయింది. లిఫ్ట్ దగ్గర ఏమీ అడగలేదన్నారు. కొన్నిసార్లు పెద్దవాళ్లు అడగకపోవడం మనల్ని చిన్నబుచ్చకూడదనే.

మీరే మాట్లాడాలి, లేదా మీ ఆయనతో చెప్పించాలి. ఆయనతో చెప్పిస్తే మీకు తేలిక, కానీ "కోడలు కొడుకుతో చెప్పించింది" అనే మాట మిగిలిపోవచ్చు. మీరే చెబితే మొదటి అయిదు నిమిషాలు కష్టం, తర్వాత మీ ఇద్దరి మధ్య ఎవరూ ఉండరు. ఎక్కువ మాటలు అక్కర్లేదు. "అత్తయ్యగారూ, పాడైపోతుంటే మీరు బాధపడతారని దాచాను, తప్పయింది, ఎలా నిల్వ చేయాలో నాకు తెలియడం లేదు, మీరు చెప్పండి" అంటే చాలు. ఉత్తరంలో ఒకచోట "రోజంతా టీవీ చూస్తూ నాకేం పనీ లేదంటారు" అని రాశారు. ఆకుకూర వలవడం, కరివేపాకు దూయడం, చిక్కుళ్లకి నార తీయడం కుర్చీలో కూర్చుని చేసుకోవచ్చు, మోకాళ్ల మీద భారం పడదు. వేసవిలో గోరుచిక్కుడు, వంకాయ, కాకర మిగిలిపోతే ముక్కలు కోసి ఉప్పు రాసి బాల్కనీలో మూడు నాలుగు ఎండలు ఎండబెట్టి వరుగులు పెట్టడం, టమాటాలు చవకగా వచ్చినప్పుడు నిల్వ పచ్చడి పట్టడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య. మీరు యూట్యూబ్‌లో వెతికే పని ఆవిడ కళ్లు మూసుకుని చేస్తారు. తడి చెత్తకి బాల్కనీలో ఒక కుండ పెట్టి తొక్కలు ఎరువు చేయడం కూడా ఆవిడకి నచ్చుతుందని నా ఊహ, నాలుగు మొక్కలుంటే.

ఇందులో ఒక సంగతి ముందే ఆలోచించుకోండి. కూరల పని ఆవిడ చేతికి ఇస్తే, ఏ రోజు ఏం వండాలనే మాటలో కూడా ఆవిడ వాటా పెరుగుతుంది. "గోంగూర ఇవాళే అవగొట్టాలి, పాస్తా రేపు చేసుకో" అంటారు. అది మీకు సమ్మతమైతే సంతోషంగా ఇవ్వండి. వంటిల్లు మీ చేతిలోనే ఉండాలనిపిస్తే అదీ తప్పు కాదు, అప్పుడు ఒక్క ఆకుకూరలూ, ఊరి నుంచి వచ్చే సంచీ ఆవిడవి, బజారు కూరలు మీవి అని పంచుకోండి. పంచుకున్నాక ఆవిడ వాటాలో ఏదైనా పాడైతే మీరు కూడా ఏమీ అనకూడదు.

ఈ వారం అన్నీ మొదలుపెట్టొద్దు. ఇవాళ డ్రాయర్‌లోంచి యాపిల్స్, టమాటాలు తీసేయండి, ఉల్లిపాయలు సింక్ కింద నుంచి బయటికి తెచ్చేయండి. ఆదివారం కడగకుండా ఆరబెట్టి పెట్టి చూడండి. అత్తయ్యగారితో మాట మాత్రం ఆదివారం దాకా ఆపకండి, రేపు పొద్దున కాఫీ ఇచ్చేటప్పుడు చెప్పేయండి. తర్వాత మావయ్యగారికి ఫోన్ ఇద్దరూ కలిసి చేయండి, కంద గురించి ఆవిడనే అడగనివ్వండి.